అటక మీది చుట్టాలు

మిడుతూరు వైపు పాత ఇళ్లలో అటక మీద ట్రంకుపెట్టె ఉంటుంది. పండక్కి బూజు దులుపుతూ అందులోని కార్డులు పారేయబోతున్నారా? కాస్త ఆగండి! 'మ.రా.శ్రీ. బావగారికి నమస్కారములు. ఉభయకుశలోపరి' అన్న మొదటి మాటలోనే ఒక చుట్టరికం ఉంది. పోస్టు ముద్రలో ఊరూ, తేదీ ఉన్నాయి.

దస్తావేజు ఇంకా గట్టి సాక్షి. తండ్రి పేరు సరే, అసలు గుట్టు హద్దుల్లో ఉంటుంది. భాగాలు పంచుకున్న అన్నదమ్ముల పొలాలు పక్కపక్కనే కదా! తూర్పు హద్దుగా రాసిన పేరు ముత్తాత తమ్ముడిదే కావచ్చు. ఆడపిల్లల జాడే కష్టం. పసుపుకుంకుమ కింద పొలం రాసిచ్చిన కాగితం దొరికితే అదృష్టమే.

రూపాయి తగాదా పడితే చుట్టరికం సర్కారు కాగితాలకూ ఎక్కుతుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆయన నొస్సం జయరామిరెడ్డికి మనవడు. నొస్సం వారి తవర్జీ ఆగిపోయినప్పుడు అందులో వాటా ఇవ్వమంది కంపెనీ. 1846లో తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆ మనవరికం మాత్రం జిల్లా గెజిటీర్‌లో నిలిచింది.

మన ఇళ్లకు గెజిటీర్లు లేవు, అవ్వాతాతలే ఉన్నారు. కార్డు చూపించి ఆ 'బావగారు' ఎవరో అడగండి. వెనక పెన్సిలుతో రాసుకోండి, ఈ ఆదివారమే.