నీలి పూల బోరేజ్: విత్తనం కొనే ముందు గట్టు మీద చూడండి

పై వీడియోలో వంగ మడి చుట్టూ నీలి నక్షత్రాల్లా పూసిన మొక్క ఏంటని చాలామంది అడిగారు. అది బోరేజ్. మధ్యధరా సముద్ర ప్రాంతపు మొక్క. కాండం, ఆకులు అంతా గరుకు నూగు, పట్టుకుంటే గుచ్చుకుంటుంది.

ఒక జాగ్రత్త. నర్సరీలో "ఇండియన్ బోరేజ్" అని ఇచ్చేది మన వాము ఆకు మొక్క. అది వేరు, ఇది వేరు.

ఎందుకు వేయాలి?

వంగ, టమాటా పూలలో తేనె ఉండదు, పుప్పొడి ఒక్కటే. అది కూడా కేసరాల కొసన ఉండే సన్నని రంధ్రాల్లోంచే రావాలి. నీలి చారల తేనెటీగ, గండుతుమ్మెద లాంటివి పువ్వుని పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి బాగా రాలుతుంది. మనం పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఆ పని రాదు. మరి తేనె దొరకని మడికి అవి రోజూ ఎందుకు వస్తాయి? గట్టు మీద బోరేజ్ ఉంటే ఆ తేనె అక్కడే దొరుకుతుంది.

ఎలా వేయాలి?

మన దగ్గర దీనికి చలికాలమే అనువు. అక్టోబర్ చివర, నవంబర్‌లో విత్తుకోవాలి. బాగా ఎండ తగలాలి, నీళ్లు నిలవకూడదు. మొదటిసారి నేను ట్రేలలో నారు పోసి నాటితే సగానికి పైగా చచ్చిపోయాయి. దీని తల్లివేరు లోతుకి దిగుతుంది, కదిపితే తట్టుకోదు. అందుకే బీజామృతం పట్టించి నేరుగా గట్టు మీదే సెంటీమీటరు లోతున, అడుగున్నర ఎడంతో విత్తండి. వారం పది రోజుల్లో మొలుస్తుంది, సుమారు రెండు నెలలకు పూత వస్తుంది. ఘనజీవామృతం గుప్పెడు చాలు. ఎక్కువైతే ఏపుగా పెరిగి గాలికి పడిపోతుంది. గింజ దానంతటదే రాలుతుంది, కొంత ఏరి దాచుకుంటే మళ్లీ కొనక్కర్లేదు.

ఎండాకాలం వస్తే?

ఎండలు ముదిరితే బోరేజ్ నిలవదు. కానీ దాని చుట్టం ఒకటి మన గట్ల మీదే ఉంది, గువ్వగుత్తి. అదే కుటుంబం, అదే గరుకు నూగు, కిందికి వంగిన లేత నీలి పూలు. ఇన్నాళ్లూ కలుపని నేనే పీకి పారేశాను. ఇప్పుడు వానాకాలంలో గట్టుకి అదే వదిలేస్తున్నా.

ఈ రెండింటి ఆకుల్లోనూ కాలేయానికి హాని చేసే పదార్థాలుంటాయి. రోజూ కూరగా, టీగా వాడకండి, పశువులకి మేతగా వేయకండి.

నూగు ఆకుల మొక్క కనిపిస్తే పీకే ముందు ఒక్క పది నిమిషాలు పొద్దున్నే దాని దగ్గర కూర్చోండి. ఏమేం వచ్చి వాలాయో కామెంట్‌లో రాయండి.