తూటా, వేట, హలాల్

 

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల నుండి కొన్నేళ్లుగా మాకు ఒకే ప్రశ్న పలుమార్లు అందుతోంది. అక్కడ శరదృతువులో జింకల వేటకు ప్రభుత్వమే అనుమతి ఇస్తుంది. తోటి ఉద్యోగులు వెళతారు, మనవారిని కూడా రమ్మంటారు. బిస్మిల్లాహ్ అని తుపాకి పేల్చితే ఆ జింక మాంసం హలాల్ అవుతుందా? ఏ తరహా తూటా వాడాలి? ఇది తూటాల దుకాణంలో అడగవలసిన ప్రశ్న కదా, మస్జిదులో ఎందుకని కొందరు అనుకోవచ్చు. కాని తూటా ఆకారంపైనే మాంసం హలాల్, హరామ్ ఆధారపడి ఉందని ఫికహ్ గ్రంథాలు తిరగవేసిన వారికి తెలుసు. మన దేశంలో చట్టం వేరు, ఆ సంగతి చివర చెబుతాము.

ఆహారం కోసం వేటాడటాన్ని దివ్యఖుర్ఆన్ అనుమతించింది. అయితే అల్ మాయిదా సూరాలో నిషిద్ధ మాంసాల జాబితా ఒకటి ఉంది. అందులో గొంతు బిగిసి చచ్చినది, ఎత్తు నుండి పడి చచ్చినది, వాటితో పాటు దెబ్బ తగిలి చచ్చినది కూడా ఉన్నాయి. కర్రతోనో రాతితోనో మోదగా చచ్చిన జంతువు ఈ చివరి కోవలోకి వస్తుంది. దీనినే అరబీలో ‘మౌఖూజా’ అంటారు. మన చర్చకు మూలం ఈ ఒక్క పదమే.

తయ్ తెగ నాయకుడు, దాతగా పేరుగాంచిన హాతిమ్ కుమారుడు హజ్రత్ అదీ (రజి) స్వయంగా వేటగాడు. ఆయన దైవప్రవక్త (సఅసం)ను వేట గురించి గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్నలు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒకటి ‘మిఅరాజ్’ గురించినది. అది ఈకలు లేని బరువైన బాణపు కర్ర. ఒక్కొక్కసారి మొనతో గుచ్చుకుంటుంది, ఒక్కొక్కసారి అడ్డంగా తగులుతుంది. మొనతో చీల్చితే తినవచ్చుననీ, అడ్డంగా తగిలి చంపితే అది దెబ్బకు చచ్చినదే గనుక తినరాదనీ ప్రవక్త (సఅసం) తీర్పు చెప్పారు. ఆయుధం ఒకటే, వేటగాడు ఒకడే, పలికిన బిస్మిల్లాహ్ ఒకటే. చీల్చిందా, మోదిందా అన్నదే తేడా.

పూర్వం అరబ్బులు మట్టిని ఉండలుగా చేసి ఎండబెట్టి వింటితో విసిరేవారు. ఆ ఉండను ‘బుందుఖా’ అన్నారు. మన తెలుగులో ఉండవిల్లు అంటే సరిగ్గా అదే. నేటి పిల్లలు పిట్టలపై రాళ్లు విసిరే ఉండేలుకు ఆ పేరు అక్కడి నుండే వచ్చింది. మట్టి ఉండ చర్మాన్ని చీల్చదు, ఎముక విరిచి చంపుతుంది. అందువల్ల దానితో చచ్చిన పిట్టను జిబహ్ చేయకుండా తినరాదని ఇమాములు తీర్పునిచ్చారు. తరువాతి శతాబ్దాలలో తుపాకి వచ్చినప్పుడు అరబ్బులు దానికి కూడా ‘బుందుఖియ్యా’ అని పేరు పెట్టారు. మన ఉర్దూ ‘బందూఖ్’ కూడా ఆ కుటుంబానిదే. పాత పేరుతో పాటు పాత హుకుం కూడా కొత్త వస్తువుకు అంటుకుంటుందా? పండితుల మధ్య భేదాభిప్రాయం ఇక్కడ మొదలైంది.

దమస్కస్‌లో 1836లో పరమపదించిన ఇబ్నె ఆబిదీన్ (రహ్మలై) హనఫీ ఫికహ్‌లో గొప్ప ప్రమాణం. సీసపు గుండుకు పదును లేదనీ, అది వేడితోను, వేగంగా తోయబడిన బరువుతోను గాయపరుస్తుందనీ, కాబట్టి దానితో చచ్చిన వేట హలాల్ కాదనీ ఆయన వ్రాశారు. అంతకు రెండేళ్ల ముందు, 1834లో, యమన్‌లో పరమపదించిన ఇమామ్ షౌకానీ (రహ్మలై) అభిప్రాయం దీనికి భిన్నం. గుండు శరీరాన్ని చీల్చుకుని ఒక వైపు నుండి మరో వైపుకు పోతుంది, చీల్చడమే షరతు గనుక ఆ వేట హలాల్ అని ఆయన అన్నారు. మాలికీ పండితులలో పలువురిది, నేటి అరబ్ పండితులలో అత్యధికులది కూడా ఇదే మాట. మన ఉపఖండపు హనఫీ ముఫ్తీలు చాలాకాలం ఇబ్నె ఆబిదీన్ మాటనే అనుసరించారు. ఇటీవల వారిలో కొందరు మొన గల తూటాకు, గుండ్రని గుండుకు తేడా చూపి, మొన గల దానిని బాణంతో సమానంగా ఎంచుతున్నారు.

ఇబ్నె ఆబిదీన్ కాలపు తుపాకీలో వాడినది గోళీ వంటి గుండ్రని సీసం. ఆయన దానిని చూసి చెప్పారు, చూసినదానికి తగినట్టే చెప్పారు. నేటి రైఫిల్ తూటా పొడవుగా, మొనదేరి ఉంటుంది, గొట్టంలోని మెలికల వల్ల గిరగిర తిరుగుతూ పోతుంది. పేరు ఒకటే అయినంత మాత్రాన హుకుం ఒకటి కాదు. హుకుం వస్తువు చేసే పనిని బట్టి ఉంటుంది. కాబట్టి రైఫిల్ తూటా చీల్చే ఆయుధమేనన్న మాట మాకు బలంగా తోస్తోంది. అయినా మీరు ఏ ముఫ్తీని అనుసరిస్తారో వారిని అడిగి నడుచుకోండి. పక్షుల వేటకు వాడే, గొట్టం నుండి ఛర్రాలు వెదజల్లే తుపాకి, గాలి తుపాకి విషయంలో మాత్రం అంత ధీమాగా చెప్పలేము. ఆ గుండ్రని గుళ్లు ఆనాటి ఉండకే దగ్గర. వాటితో కొట్టిన పక్షి ప్రాణంతో చేతికి చిక్కి జిబహ్ అయితేనే తినడం జాగ్రత్త గల మార్గం.

ఇక తూటాలలో రకాలు. సీసాన్ని రాగి పొరతో పూర్తిగా కప్పిన దానిని ‘ఫుల్ మెటల్ జాకెట్’ అంటారు. అది చౌక, గురి సాధనకు బాగుంటుంది. కాని జింకకు తగిలితే సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. ఆ జింక పొదల్లోకి పారిపోయి, గంటల తరబడి తన్నుకుని, ఎవరికీ దొరకకుండా చస్తుంది. వేటకు వాడేవి మొన దగ్గర సీసం బయటకు కనిపించే ‘సాఫ్ట్ పాయింట్’, మొనలో బోలు ఉన్న ‘హాలో పాయింట్’, పూర్తిగా రాగితో చేసినవి. ఇవి చర్మాన్ని చీల్చి లోపలికి వెళ్లాక పువ్వులా విచ్చుకుంటాయి. వెడల్పయిన గాయం వల్ల ఊపిరితిత్తులలోను, గుండెలోను రక్తం ఒక్కసారిగా పోయి, కొన్ని క్షణాలలో జంతువు స్పృహ కోల్పోతుంది. మరీ త్వరగా పగిలిపోయే తూటాలు కూడా ఉన్నాయి. అవి చిన్న జంతువుల కోసం చేసినవి. జింక భుజానికి తగిలితే పైపైనే ముక్కలై, లోపలికి చేరక, ఘోరమైన పుండు మిగుల్చుతాయి.

విచ్చుకునే తూటా కథ మన దేశంతో ముడిపడి ఉంది. 1890ల దశకంలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో బ్రిటిషు సైన్యం అటువంటి తూటాలు తయారుచేసింది. లోకం వాటిని ‘డమ్‌డమ్ తూటాలు’ అని పిలిచింది. 1899లో హేగ్ నగరంలో దేశాలు సమావేశమై, శరీరంలో సులభంగా విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడరాదని ప్రకటించాయి. మనిషిపై నిషేధించిన దానినే జింకపై వాడమనడం వింతగా తోచవచ్చు. యుద్ధంలో శత్రువును నిలువరిస్తే చాలు, గాయపడినవాడు వైద్యశాలకు చేరి బ్రతకాలి. వేటలో గాయపడిన జంతువుకు వైద్యశాల లేదు. త్వరగా పోవడమే దానికి దొరికే కరుణ. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1991 నాటి జింకల చట్టం ప్రకారం మెత్తని మొన లేక బోలు మొన గల తూటాలే వాడాలి. అమెరికాలోనూ పలు రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటకు విచ్చుకునే తూటానే తప్పనిసరి చేశాయి. మనవారు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో ‘రిమ్‌ఫైర్’ అనే చిన్నపాటి తూటాలతో జింకను కొట్టడం చట్టవిరుద్ధం.

అల్లాహ్ ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్‌ను, అంటే శ్రేష్ఠతను విధించాడనీ, జిబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించాలనీ ప్రవక్త (సఅసం) బోధించినట్లు హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) తెలిపారు. కత్తికి పదును ఎటువంటిదో తుపాకికి సరైన తూటా అటువంటిది. వేట కాలానికి ముందు కాగితపు గురిపై సాధన చేసి తుపాకిని సరిచూసుకోవడం కూడా ఇందులోని భాగమే. ప్రాణమున్న దానిని సాధన కోసం గురిగా పెట్టుకోవడాన్ని ప్రవక్త (సఅసం) తీవ్రంగా ఖండించారు.

సోదరులారా! ఇప్పుడు మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టిన సంగతి చెబుతాము. తూటాతో చస్తే హలాల్ కాదన్న ఫత్వాను నమ్మిన కొందరు ఒక ఉపాయం పన్నుతున్నారట. జింక వెంటనే చావకుండా కావాలని కాలికో తుంటికో కొట్టడం, లేదా బలహీనమైన తూటా వాడటం, అది కూలబడ్డాక పరుగెత్తి వెళ్లి జిబహ్ చేయడం. వారి ఉద్దేశం హలాల్ తినాలనే, అది మంచిదే. కాని కాలు విరిగిన జింక మూడు కాళ్లతో మైలు దూరం పరుగెత్తగలదు. వెతికేలోగా చీకటి పడుతుంది. మన పళ్లెంలోకి హలాల్ రావడం కోసం మూగజీవిని చిత్రవధ చేయడాన్ని ఏ ఇమామూ అనుమతించలేదు. ఇబ్నె ఆబిదీన్ (రహ్మలై) ప్రాణంతో చిక్కితే జిబహ్ చేయమన్నారే గాని, చిక్కేలా కుంటిదాన్ని చేయమనలేదు. ఆ ఫత్వాపై నిలబడేవారికి గౌరవంగా చెబుతున్నాము: మీరు తుపాకి పక్కన పెట్టండి. అమెరికాలో జిబహ్ మాంసం అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. వేట ఎవరికీ ఫర్జ్ కాదు. తూటాను చీల్చే ఆయుధంగా ఎంచే పండితులను అనుసరించేవారు విచ్చుకునే తూటాతో, భుజం వెనుక గుండె, ఊపిరితిత్తుల చోటుకే గురి పెట్టి కొట్టాలి. గురి కుదరకపోతే ఆ రోజు ఉత్త చేతులతో ఇంటికి రావాలి.

బిస్మిల్లాహ్ తూటా నింపేటప్పుడు కాదు, పేల్చేటప్పుడు పలకాలి. మరచిపోతే హనఫీల వద్ద క్షమార్హం, కావాలని మానితే కాదు. నడుముకు పదునైన కత్తి ఉండాలి. పడిన జంతువు ఇంకా ప్రాణంతో దొరికితే జిబహ్ చేయడం తప్పనిసరి, ఇందులో భేదాభిప్రాయం లేదు. తగిలాక నీటిలో పడి చచ్చిన వేటను తినవద్దని ప్రవక్త (సఅసం) అదీ (రజి)తో అన్నారు. నీరు చంపిందో బాణం చంపిందో తెలియదు కనుక. కొండ అంచు నుండి దొర్లిపడిన దానిలోనూ అదే సందేహం ఉంది.

సీసం గురించి కూడా ఒక మాట. సీసపు తూటా విచ్చుకున్నప్పుడు కంటికి కనబడని రవ్వలు గాయానికి దూరంగా మాంసంలోకి చేరతాయని ఎక్స్‌రేలు చూపుతున్నాయి. శరీరంలోకి చేరే సీసానికి సురక్షితమైన పరిమాణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణులకు, పసిపిల్లలకు అది మరింత హానికరం. వేటగాళ్లు వదలిన కళేబరాలు తిని కాండోర్ అనే పెద్ద రాబందులు చనిపోవడం చూసి, కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై 1 నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. ఖుర్ఆన్ హలాల్‌తో పాటు తయ్యిబ్, అంటే శుద్ధమైనదాన్ని తినమంటుంది. కాబట్టి ఖర్చు కొంత ఎక్కువైనా రాగి తూటాయే మేలని మా సలహా.

మన పిల్లలు తెలుసుకోవలసిన మరో చట్టం ఉంది. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి గాని తూటాలు గాని కలిగి ఉండటం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు చేతికి రాకముందే స్నేహితుని తుపాకి సరదాగా పట్టుకున్నా చిక్కే. వీసా నియమాలకు కట్టుబడతామని మాట ఇచ్చి ఆ దేశంలో అడుగుపెట్టాము. ఆ ఒప్పందాన్ని నిలుపుకోవడం ధర్మం.

ఇక మన గడ్డ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఉచ్చు పన్నడం, విషం పెట్టడం కూడా ఆ చట్టంలో వేటగానే లెక్క. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కృష్ణజింకను చంపితే మూడు నుండి ఏడేళ్ల జైలు. కాబట్టి ఇక్కడ ఏ తూటా అన్న ప్రశ్నే లేదు. అయినా అడవి అంచు ఊళ్ల నుండి దుప్పి మాంసం రహస్యంగా పట్టణాలకు వస్తోంది, కొన్ని విందులలో గొప్పగా వడ్డిస్తున్నారు కూడా. అది ఎలా చచ్చింది? తీగ ఉచ్చులో గొంతు బిగిసిందా, పొలం చుట్టూ వేసిన కరెంటు తీగకు తగిలిందా, నాటు తుపాకిలో దట్టించిన ఇనుప ముక్కలు తిన్నదా? బిస్మిల్లాహ్ ఎవరు పలికారు? అమ్మేవాడికే తెలియదు. ఇటువంటి మాంసం చట్టరీత్యా ప్రభుత్వ సొత్తు, షరీఅత్ రీత్యా అత్యధిక సందర్భాలలో మౌఖూజా లేక గొంతు బిగిసి చచ్చినదే. బంధువులు ప్రేమతో పంపినా తిప్పి పంపండి, వండిన తరువాత తెలిసినా తినవద్దు.