వార్ధక్యమున ఆహారము

మన నర్సీపట్నము మన్యమునకు ద్వారము వంటిది. ఇచ్చటి బాలబాలికలలో పెక్కండ్రు తాతల యొడిలోను అవ్వల యొడిలోను పెరిగినవారే. అయినను కుమారులు పనులకై దూరదేశములకు పోవుటచే ఒంటరివారైన వృద్ధులు కొందరు ఆశ్రమములలో చేరుచున్నారు. 2007వ సంవత్సరపు తలిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, జిల్లాకు కనీస మొకటి చొప్పున 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను నెలకొల్పుటకు రాష్ట్ర ప్రభుత్వములకు అధికార మిచ్చినది. నీడ దొరకుట మంచిదే. కాని కంచములోని మెతుకు ఒంటికి పట్టుచున్నదా యని కూడ విచారింపవలెను.

ఒకప్పుడు నేను విద్యార్థులతో ఒక ఆశ్రమమునకు పోయితిని. ఒక అవ్వ అన్నమును పులుసుతో కలిపి, రెండు ముద్దలు తిని, కంచమును ప్రక్కకు నెట్టినది. “ముసలితనము గదా, ఆకలి యుండదు” అని వడ్డించువారు చెప్పిరి. నేను దగ్గర కూర్చుండి యడుగగా, “ఆకలి లేక కాదు బాబూ, పళ్లు లేవు” అని ఆమె చెప్పినది. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

వయస్సు ముదిరిన కొలది నాలుకకు రుచియు, ముక్కునకు వాసనయు తగ్గును. దప్పిక సరిగా తెలియదు. కావున అడుగకున్నను నీరీయవలెను. పని తగ్గుటచే శక్తి నిచ్చు ఆహారము కొంత తక్కువైనను చాలును గాని, కండను నిలుపు మాంసకృత్తుల యవసరము మాత్రము తగ్గదు. దేహపు బరువులో ప్రతి కిలోగ్రామునకు దినమునకు 1 గ్రామైనను కావలెనని ఐరోపా నిపుణులు చెప్పుదురు. అనగా 50 కిలోగ్రాముల అవ్వకు 50 గ్రాములు. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములే యున్నవి. ఇక చారన్నముతో ఈ లెక్క యెట్లు తీరును? కావున మెత్తని పప్పు, పెరుగు, గ్రుడ్డు, ముల్లు తీసిన చేప పెట్టవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని సలహాను పొందవలెను. మన చోడి యంబలిని చిన్నచూపు చూడరాదు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదు. తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాములైన నుండుట కష్టము.

పోషణలోపమును కనుగొనుటకు ఆరు ప్రశ్నల చిన్న పరీక్ష యొకటి కలదు. తిండి తగ్గినదా, మూడు నెలలలో బరువు తగ్గినదా, నడువగలరా, జబ్బు గాని మనోవేదన గాని కలిగినదా, మతిమరపు గాని దిగులు గాని యున్నదా, ఎత్తునకు తగిన బరువున్నదా యని యడిగి 14 మార్కులకు లెక్కింతురు. 12 మొదలు 14 వరకు క్షేమము. 8 మొదలు 11 వరకు ప్రమాదము సమీపించినది. 7 గాని అంతకు తక్కువ గాని యైనచో పోషణలోపమే. బరువు తూచుట సాధ్యము కానిచో పిక్క చుట్టుకొలతను చూతురు.

అయితే వంటకము ఒక్కటే చాలదు. నెదర్లాండ్సు దేశమున ఐదు వృద్ధాశ్రమములలో ఆరు నెలలు జరిగిన పరిశోధన 2006లో ప్రచురింపబడినది. కొందరికి మునుపటివలె పళ్లెములలో ముందే వడ్డించిన భోజనము నిచ్చిరి. మరికొందరికి ఇంటిలోవలె బల్లపై గిన్నెలుంచి, కోరినది వడ్డించుకొన నిచ్చి, పరిచారకులు వారితో కూడ కూర్చుండిరి. ఇట్లు కలిసి తినినవారి జీవనసుఖమును, దేహపు బరువును రెండవవారికంటె మెరుగుగా నిలిచినవి. తోడు కూడ ఆహారమే యని దీనివలన తెలియుచున్నది.

బాలబాలికలారా! ఆశ్రమమునకు పోవునపుడు మిఠాయి పొట్లము లిచ్చి, ఛాయాచిత్రము తీయించుకొని మరలి రాకుడు. వారిలో మధుమేహము గలవారు పలువురుందురు. మెత్తని అరటిపండు తీసికొని పొండు. ప్రక్కన కూర్చుండి, వారు తినువరకు కబుర్లు చెప్పుడు. తలిదండ్రులారా! ఇంటనున్న పెద్దలకు కడపట మిగిలినది గాక, మొదట వండినది పెట్టుడు. మీ బిడ్డలు చూచుచునే యున్నారు. రేపు మీ కంచములో వారు వడ్డించునది నేడు నేర్చుకొన్నదే.