గ్యాస్ లీకైతే నీటి తుంపర ఎంతవరకు కాపాడుతుంది?



జనగామ మీదుగా హైదరాబాదు-వరంగల్ రోడ్డుపై గ్యాస్ ట్యాంకర్లు వెళ్తుంటాయి. మహబూబాబాదు మీదుగా గూడ్సు రైళ్లు నడుస్తాయి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. కోల్డ్ స్టోరేజీలలో, ఐస్ ఫ్యాక్టరీలలో చాలాచోట్ల అమ్మోనియా, మంచినీటి శుద్ధి కేంద్రాలలో క్లోరిన్ వాడతారు. కాబట్టి గ్యాస్ ప్రమాదం ఎక్కడో పట్నంలో జరిగేదని అనుకోకూడదు. అటువంటప్పుడు అగ్నిమాపక సిబ్బంది నీటిని తుంపరగా ఎందుకు చల్లుతారో, మనం ఏమి చేయాలో తెలుసుకుందాం.

తుంపర చేసే మేలు

బిందెడు నీళ్లు ఒకేచోట గుమ్మరిస్తే అవి నేలపాలవుతాయి. అవే నీళ్లు మంచులాగా సన్నని చుక్కలైతే ఎంతో ఎక్కువ గాలిని తాకుతాయి. దీనివల్ల మూడు మేళ్లున్నాయి.

మొదటిది, నీటిలో కరిగే గ్యాసును చుక్కలు పట్టుకుంటాయి. అమ్మోనియా ఇలా బాగా కరుగుతుంది. రెండవది, తుంపర తనతోపాటు గాలిని లాక్కొచ్చి గ్యాసును పలుచన చేస్తుంది. వంటగ్యాస్ నీటిలో కరగదు, కానీ గాలిలో సుమారు 2 నుండి 9 శాతం ఉన్నప్పుడే అంటుకుంటుంది. అంతకంటే పలుచనైతే అంటుకోదు. మూడవది, చుక్కలు వేడిని పీల్చుకొని ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే సుమారు 1700 రెట్లు వ్యాపించి మంట దగ్గర ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది.

బొగ్గు గనులలో మీథేన్ గ్యాస్ 5 నుండి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. ఆ పేలుడు బొగ్గు పొడిని లేపితే నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే బొగ్గు కోసేచోట నీళ్లు చల్లుతారు. కొన్ని గనులలో దారి పైభాగాన నీటి తొట్లు అమర్చుతారు. పేలుడు గాలికి అవి ఒరిగి, నీరు తుంపరై వెనుక వచ్చే మంటను ఆర్పుతుంది.

తుంపరకు హద్దులున్నాయి

1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు ఎత్తయిన గొట్టం నుండి వెలువడింది. సిబ్బంది చిమ్మిన నీరు అంత ఎత్తుకు అందలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ నుండి స్టైరిన్ లీకై 12 మంది చనిపోయారు. స్టైరిన్ నీటిలో దాదాపు కరగదు. ఊళ్లో నీళ్లు చల్లినా, ట్యాంకులో జరిగే రసాయన చర్యను ఆపడానికి గుజరాత్ నుండి వేరే రసాయనం తెప్పించవలసి వచ్చింది.

ద్రవంగా కారిన అమ్మోనియా మీద, వంటగ్యాస్ మీద నేరుగా నీళ్లు పోస్తే అది ఇంకా వేగంగా ఆవిరవుతుంది. క్లోరిన్ సిలిండర్ చిల్లుపై నీళ్లు పడితే ఆమ్లం తయారై చిల్లు పెద్దదవుతుంది. కనుక ఈ పని శిక్షణ పొందినవారికే వదిలివేయాలి.

మనం చేయవలసినవి

1. గాలి వీచే దిక్కు చూసి, గ్యాస్ వచ్చే దారికి అడ్డంగా దూరం పోవాలి. క్లోరిన్, స్టైరిన్, వంటగ్యాస్ గాలికంటే బరువైనవి, పల్లంలో చేరతాయి. మెరక వైపు వెళ్లండి.
2. తడిగుడ్డ ముక్కుకు, నోటికి అడ్డుపెట్టుకోండి. ఇది బయటపడడానికే. తడిగుడ్డ నమ్ముకొని లోపలికి వెళ్లవద్దు. కాపాడబోయి పడిపోయేవారు ఎందరో.
3. వంటింట్లో వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి బయటికి రండి. స్విచ్ వేయవద్దు, తీయవద్దు. బయటినుండి 1906కు ఫోన్ చేయండి.
4. కళ్లలో, ఒంటిమీద పడితే తడిసిన బట్టలు తీసివేసి, మంచినీటితో 15 నుండి 20 నిమిషాలు ఆపకుండా కడగాలి. పసుపు, నూనె, వెన్న రాయవద్దు.
5. స్పృహలేనివారి నోట్లో నీళ్లు, పాలు పోయవద్దు.
6. ఏ గ్యాసో తెలిస్తే ఆసుపత్రిలో చెప్పండి. 101, 108 నంబర్లు పిల్లలకు కూడా నేర్పండి.

మా నర్సులు తరచుగా వినే మాట ఒకటుంది: "ఇప్పుడు బాగానే ఉంది సిస్టర్, ఇంటికి పోతాం." క్లోరిన్ వంటివి పీల్చినవారికి కొన్ని గంటల తరువాత కూడా ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. రాత్రికి ఆయాసం మొదలైతే ఊరినుండి రావడం కష్టం. అందుకే ఆ రోజుకు ఆసుపత్రిలోనే ఉండమంటాము. దయచేసి మా మాట వినండి.