దంతశిబిరములలో చిగుళ్ల పరీక్ష

రాయపూరు ప్రాంతమున ననేకులు గుడాఖు అను పొగాకు బెల్లపు ముద్దను వ్రేలితో పండ్లకును చిగుళ్లకును రుద్దుకొందురు. అది పండ్లను శుభ్రపఱచునని వారి నమ్మకము. చిగుళ్లవ్యాధి మొదట నొప్పి కలిగింపదు. పన్ను కదలిన పిమ్మటనే రోగి వచ్చును. అప్పటికి పంటిని పట్టియుండు ఎముక చాలవఱకు క్షీణించియుండును.

కావున దీపమును అద్దమును మాత్రము పట్టుకొని చూచుట పరీక్ష కానేరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కొలకడ్డీ వలయును. దాని కొనయందు 0.5 మిల్లీమీటరు గుండును, 3.5 మొదలు 5.5 మిల్లీమీటర్ల వఱకు నల్లని పట్టీయు నుండును. నోటిని ఆఱు భాగములుగా నెంచి, పంటికిని చిగుళ్లకును నడుమ నీకడ్డీని 20 గ్రాములకు మించని యొత్తిడితో జొనుపవలెను. పట్టీ కొంత మునిగిన సందు లోతు 4 లేక 5 మిల్లీమీటర్లు. పూర్తిగా మునిగిన 6 లేక అంతకు మించినది.

అయితే పొగాకు రుద్దుటచే చిగుళ్లు వెనుకకు జరిగినచోట నీకొలత మోసపుచ్చును. సందు 2 మిల్లీమీటర్లే యున్నను, చిగుళ్లు 4 మిల్లీమీటర్లు జరిగియుండిన, పంటిపట్టు 6 మిల్లీమీటర్లు పోయినట్లే. అట్టివారికి ఎనామెల్ అంచునుండి కొలిచి వ్రాయవలెను. పొగ త్రాగువారికి రక్తము తక్కువగా వచ్చును. అది ఆరోగ్యచిహ్నము కాదు. మధుమేహమున్నదా యని యడుగుట మఱవరాదు.

ఒకరికి వాడిన కడ్డీని ఆవిరియంత్రమున శుద్ధిచేయక మఱియొకరికి వాడరాదు. శిబిరమునకు ఎందఱిని పిలువవచ్చునో మునిసిపల్, తహశీలు అధికారులు శుద్ధమైన కడ్డీల సంఖ్యనుబట్టియే నిర్ణయింపవలెను. లోతైన సందులు గలవారిని ఎక్స్‌రే పరీక్షకై రాయపూరు ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు పంపవచ్చును.