విధాన ఆధారిత రూటింగు

ఒక సర్వరుకు రెండు లేక అంతకంటె ఎక్కువ ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నపుడు, పాకెట్టు వెళ్ళవలసిన దారిని గమ్యాన్ని బట్టే కాక, అది బయలుదేరే చిరునామాను బట్టి కూడా నిర్ణయించే పద్ధతిని విధాన ఆధారిత రూటింగు అంటారు.

ఆవశ్యకత

సాధారణంగా రూటింగు పట్టిక గమ్యాన్ని మాత్రమే చూస్తుంది. ప్రత్యేక దారి తెలియని పాకెట్లన్నిటినీ డిఫాల్ట్ గేట్‌వే గుండా పంపుతుంది. ఉదాహరణకు నకిరేకల్‌లోని ఒక కళాశాల సర్వరుకు రెండు సంస్థల కనెక్షన్లు ఉన్నాయని, డిఫాల్ట్ గేట్‌వే మొదటి సంస్థదని అనుకుందాం. ఒక విద్యార్థి పరీక్షా ఫలితాల కొరకు రెండవ కనెక్షను చిరునామాకు అభ్యర్థన పంపితే, జవాబు రెండవ చిరునామాతోనే మొదటి దారిలో వెళ్తుంది. తనది కాని చిరునామాతో వచ్చిన ఆ పాకెట్టును మొదటి సంస్థ తిరస్కరించవచ్చు. నకిలీ చిరునామాలను అరికట్టడానికి ఇటువంటి వడపోతను 2000లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 2827 సిఫారసు చేసింది. అప్పుడు రెండు కనెక్షన్లూ బాగున్నా విద్యార్థికి ఫలితాలు కనబడవు.

అమరిక

లినక్స్‌లో ఈ సదుపాయం 1999లో విడుదలైన 2.2 కెర్నలులోనే ఉంది. ముందుగా ఒక్కొక్క కనెక్షనుకు వేరుగా రూటింగు పట్టికను ఏర్పరచి, అందులో ఆ కనెక్షను గేట్‌వేను చేర్చాలి. పిదప "ఐపీ రూల్" ఆదేశంతో, ఏ చిరునామా నుండి బయలుదేరే పాకెట్టుకు ఏ పట్టిక వర్తిస్తుందో తెలపాలి. కెర్నలు నియమాలను చిన్న సంఖ్య నుండి మొదలుపెట్టి వరుసగా పరిశీలిస్తుంది. ప్రధాన పట్టిక నియమం సంఖ్య 32766 కనుక, కొత్త నియమాలకు అంతకంటె చిన్న సంఖ్యలు ఉండాలి.

పరిమితి

ఈ అమరిక జవాబును వచ్చిన దారినే పంపుతుంది కాని, కనెక్షను తెగిపోయినపుడు దానంతట అది గుర్తించదు. అందుకు గేట్‌వేలను తరచు పరీక్షించి దారి మార్చే ఏర్పాటు వేరుగా ఉండాలి.