అమ్మేది ఒకరు, ఏరేది మరొకరు

గోదావరి తూర్పు డెల్టాలో ఏప్రిల్ వచ్చిందంటే కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోగా పూడిక తీయాలి, గట్లు గట్టి చేయాలి, లాకుల తలుపులు, షట్టర్లు బాగు చేయించాలి. వీటితో పాటు గుర్రపుడెక్క తీయించాలి. నేను కాలువల మీద ఇంజనీరుగా పనిచేసినంత కాలం మిగతా పనులన్నీ ఏదో ఒకనాటికి ముగిసేవి. గుర్రపుడెక్క పని మాత్రం ఏ ఏడాదీ ముగిసింది లేదు. ఏటా తీయించడం, ఏటా మళ్ళీ ఎస్టిమేటు వేయడం.

రిటైరయ్యాక సాయంత్రం పూట స్కూటర్ మీద కడియం వైపు వెళ్తుంటాను. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఎటు చూసినా నర్సరీలే. దేశం నలుమూలలకీ ఇక్కడి నుంచి లారీల్లో మొక్కలు వెళతాయి. ఆ మధ్య ఒక నర్సరీ ముందు నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి కనిపించింది. అందులో తేలుతున్నది గుర్రపుడెక్క. మొక్క ముప్పై రూపాయలట. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ అక్కడికి కూతవేటు దూరం. ఆ కాలువలో అదే మొక్కని తీయించడానికి ఏటా ప్రజల సొమ్ము ఖర్చవుతోంది.

"ఇదేంటి బాబూ, కాలవలో ఊరికే దొరికేదాన్ని అమ్ముతున్నారు?" అన్నాను.

కుర్రాడు నవ్వాడు. "ఇక్కడోళ్ళు ఎవరు కొంటారండి? హైదరాబాదు, బెంగుళూరు లోడుల్లో వెళ్తాదండి. మేడ మీద తొట్లలో వేసుకుంటారంట. పువ్వు బాగుంటది కదండి."

పువ్వు బాగుంటుంది, కాదనను. లేత ఊదా రంగు గుత్తి, పై రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు చుక్క. అమెజాన్ ప్రాంతపు ఈ మొక్క ప్రపంచమంతా తిరిగింది ఆ పువ్వు మూలంగానే. 19వ శతాబ్దం చివర బెంగాల్‌కి కూడా అలంకారపు మొక్కగానే వచ్చింది. కాలువలు, చెరువులు, వరిపొలాలు కమ్మేసి పడవలు కదలనివ్వకపోయేసరికి, దీన్ని అరికట్టడానికే 1936లో అక్కడ ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. అయినా పోలేదు.

ఇలా ప్రకృతిలోకి జారుకుని ఆక్రమించే అలంకారపు మొక్కల అమ్మకాన్ని నిషేధించాలా? అమెరికా, యూరప్ దేశాల్లో కొన్నేళ్ళుగా నలుగుతున్న ఈ ప్రశ్న మనకూ అవసరమే. నిషేధించాలన్నదే నా మాట. అయితే దేన్ని, ఎలా అన్నది తేల్చుకోకుండా నిషేధిస్తే మేలు కంటే గందరగోళమే ఎక్కువవుతుంది.

పరాయి మొక్కలన్నీ శత్రువులు కావు

ముందుగా ఒక అపోహ తీసేయాలి. బయటి దేశం నుంచి వచ్చిన ప్రతి మొక్కా ముప్పు కాదు. మన మిరపకాయ, టమాటా, జామ, బొప్పాయి, సపోటా అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సంక్రాంతికి గుమ్మానికి కట్టే బంతిపూలు మెక్సికో నుంచి వచ్చాయి. ఇంటి ముందు కాగితం పూల తీగ బ్రెజిల్ వైపుది. ఇవేవీ మన అడవుల్ని, చెరువుల్ని ఆక్రమించలేదు. నాటినచోట ఉంటాయి, నీళ్ళు పోయకపోతే చాలావరకు ఎండిపోతాయి.

పేచీ కొద్దిపాటి జాతులతోనే. వాటిని ఎవరూ నాటక్కర్లేదు, నీళ్ళు పోయక్కర్లేదు. తమంతట తామే కొత్త చోటికి చేరి, అక్కడి మొక్కల్ని తొక్కేసి, వాటి మీద బతికే పురుగులకి, పక్షులకి, పశువులకి తిండి లేకుండా చేస్తాయి. సొంత గడ్డ మీద వాటిని తినే పురుగులు, తెగుళ్ళు ఉంటాయి. ఇక్కడ అవి చాలావరకు ఉండవు.

ఇందులో నర్సరీ వ్యాపారానికి ఒక ప్రత్యేక పాత్ర ఉంది. నర్సరీకి కావలసిన మొక్క ఎలాంటిది? కొమ్మ గుచ్చితే బతకాలి. ఏడాదంతా పూయాలి. పురుగు పట్టకూడదు. ఎండకీ వానకీ తట్టుకోవాలి. త్వరగా గుబురుగా పెరగాలి. కలుపు మొక్కకి ఉండే లక్షణాలు కూడా సరిగ్గా ఇవే. పైగా వ్యాపారం ఆ మొక్కని ఒక్కచోట ఒక్కసారి వదలదు. లోడు మీద లోడుగా వందల ఊళ్ళకి చేరవేస్తుంది. ఒకచోట చచ్చినా మరోచోట నిలదొక్కుకుంటుంది. నది ఒక లోయలోనే పారుతుంది కాబట్టి గుర్రపుడెక్క తనంతట తాను గోదావరి దాటి ఏ మారుమూల గుట్ట మీది కుంటకో చేరలేదు. లారీ చేరుస్తుంది.

దాని పనితనం దగ్గర నుంచి చూసినవాణ్ణి. తల్లి మొక్క నీటి మట్టాన ఒక తీగ చాస్తుంది. కొసన పిల్ల మొక్క. అది వేళ్ళు వదలగానే తానూ ఒక తీగ చాస్తుంది. ఎండ, పొలాల నుంచి వచ్చే ఎరువుల నీరు కలిశాయంటే దాదాపు రెండు వారాల్లో గుంపు రెట్టింపవుతుంది. ఆకు కాడ ఉబ్బెత్తుగా ఉంటుంది. కోసి చూస్తే లోపలంతా గాలి గదులే. అందుకే మునగదు. వంతెన ఖానాల దగ్గర, రెగ్యులేటర్ల దగ్గర ఒకదానికొకటి అల్లుకుని దట్టంగా పేరుకుంటాయి. ఎగువన మట్టం లేచి గట్టుకి గండి పడుతుందేమోనని భయం. దిగువన శివారు పొలాలకి వంతు వచ్చినా నీరు అందదు. అడుగున గాలీ వెలుతురూ లేక చేపలు చస్తాయి.

కాలువ పని చేసే లస్కర్లు మెడ లోతు నీళ్ళలో దిగి, గెడలతో విడగొట్టి, తాళ్ళతో ఒడ్డుకి లాగేవారు. ఒళ్ళంతా దురదలు, కాళ్ళకి జలగలు. ఇప్పుడు పొక్లెయిన్లు వచ్చాయి. కాని యంత్రం చేతికి చిక్కని పిల్ల మొక్కలు నాలుగు చాలు, మళ్ళీ మొదలు. విత్తనాలైతే బురదలో పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా మొలకెత్తే శక్తితో పడి ఉంటాయి. మందు కొట్టి చంపుదామంటే ఆ నీళ్ళే ఊరి మంచినీటి చెరువుకి వెళ్ళేవి.

అందంగా వచ్చినవే

మొదటిది గుర్రపుడెక్క అయితే, రెండోది లాంటానా. పల్లెల్లో పులికంప అంటారు. ఎరుపు, పసుపు కలిసిన చిన్న పూల గుత్తులు. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అలంకారానికి, కంచెకి తెచ్చారు. పిట్టలు పండ్లు తిని విత్తనాల్ని అడవుల్లోకి మోశాయి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 1,54,000 చదరపు కిలోమీటర్ల మేర, అంటే 40 శాతానికి పైగా ఇది పరుచుకుంది. దీని పొద కింద గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే జింక లేదు. ఆకులు మేసిన పశువులకి కాలేయం దెబ్బతింటుంది. అయినా పొట్టి రకాలు, రంగురంగుల రకాలు తొట్లలో పెట్టి ఈనాటికీ అమ్ముతూనే ఉన్నారు.

మూడోది వెడీలియా. పేరు తెలియకపోయినా మీరు చూసే ఉంటారు. అపార్ట్‌మెంట్ల ముందు, పార్కుల్లో, రోడ్డు డివైడర్లలో నేలని కప్పుతూ, పసుపు పూలతో ఉండే తీగ. దాన్ని ఒకసారి ఎత్తి చూడండి. కణుపు కణుపుకీ వేళ్ళు ఉంటాయి. కత్తిరించి పారేసిన ముక్కలో ఒక్క కణుపు మిగిలినా తడి తగిలితే నాటుకుంటుంది. తోటమాలి కత్తిరించిన చెత్తని డ్రెయిన్ గట్టున పోస్తాడు. అక్కడ మొదలై గట్టంతా పాకుతుంది. పశువులు మేసే గడ్డిపరక అక్కడ మరి కనిపించదు. మన గుంటగలగర జాతికి చెందిన పసుపు పూల మొక్క అనుకుని కొందరు దీన్నే నూరి తలకి రాసుకోవడమూ ఉంది.

గుర్రపుడెక్క, లాంటానా, వెడీలియా మూడూ ప్రపంచంలో అతి ప్రమాదకరమైన నూరు ఆక్రమణ జాతులంటూ ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రచురించిన జాబితాలో ఉన్నాయి. మూడింటినీ మన నర్సరీల్లో నేను చూశాను. 2023లో ఐపీబీఈఎస్ అనే అంతర్ప్రభుత్వ జీవవైవిధ్య వేదిక ఇచ్చిన లెక్క ప్రకారం ఇలాంటి ఆక్రమణ జీవుల వల్ల ప్రపంచానికి ఏడాదికి జరిగే నష్టం 42,300 కోట్ల డాలర్లకు పైమాటే.

కోనోకార్పస్ నేర్పిన పాఠం

మన దగ్గర నిషేధాలు లేవా అంటే ఉన్నాయి. కోనోకార్పస్ చెట్ల గొడవ అందరికీ తెలుసు. త్వరగా పెరుగుతుందని, ఏడాదంతా పచ్చగా ఉంటుందని రోడ్ల వెంట, డివైడర్లలో వరసలుగా నాటారు. తర్వాత దాని పుప్పొడి వల్ల ఉబ్బసం, అలర్జీ వస్తాయని, వేళ్ళు నీటి గొట్టాల్లోకి, డ్రైనేజీల్లోకి చొరబడతాయని భయం లేచింది. 2023 సెప్టెంబరులో గుజరాత్, 2025 జనవరిలో తమిళనాడు దీన్ని నాటొద్దన్నాయి. మన రాష్ట్రాల్లోనూ నాటిన చేతులతోనే కొట్టేశారు.

ఆ భయాల్లో ఎంత నిజం ఉందన్నది వైద్యులూ వృక్షశాస్త్రవేత్తలూ తేల్చాలి. నేను కాలువ మనిషిని, నా గమనిక ఒకటే. కోనోకార్పస్ నాటినచోట మొండిగా పెరుగుతుంది. కాని గుర్రపుడెక్కలా తనంతట తాను ఊళ్ళు దాటడం మా ప్రాంతంలో నేను చూడలేదు. మా వైపు ఒక డివైడర్‌లో కోనోకార్పస్ పీకేసి, ఆ జాగాలోనే వెడీలియా పరిచారు! పుకారు బలంగా ఉన్నదానికి శిక్ష పడింది, అసలు ఆక్రమించేదానికి కాంట్రాక్టు దక్కింది. మొక్క ఎలా ప్రవర్తిస్తుందో చూసి జాబితా తయారు చేయకపోతే జరిగేది ఇదే.

అభ్యంతరాలు, జవాబులు

"గుర్రపుడెక్క ఇప్పటికే ప్రతి చెరువులోనూ ఉంది, ఇప్పుడు అమ్మకం ఆపి ఏం లాభం?" అంటారు. ప్రతి చెరువులోనూ లేదు. లేని చెరువుల్ని కాపాడుకోవడానికే నిషేధం. ఇంకా తోట దాటని కొత్త మొక్కల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒకసారి కాలువలోకి దిగాక ఏటా ఎస్టిమేటు వేయాల్సిందే.

"గొడ్డు రకాలు ఉన్నాయి, అవి విత్తనం కట్టవు" అంటారు. దీనికి జవాబు అమెరికాలో దొరుకుతుంది. ఒహాయో, కరొలైనా వైపు ఉండే మనవాళ్ళకి బ్రాడ్‌ఫర్డ్ పేర్ తెలిసే ఉంటుంది. వసంతంలో తెల్లగా పూసి చేపల కంపు కొట్టే వీధి చెట్టు. 1960లలో మార్కెట్లోకి వచ్చింది. ఒకే రకం చెట్లు తమలో తాము కలిసి కాయవు కాబట్టి భయం లేదనుకున్నారు. తర్వాత అదే జాతిలో మరికొన్ని రకాలు అమ్మకానికి వచ్చాయి. ఒక రకం పుప్పొడి మరో రకానికి తగిలింది, కాయలు కాశాయి, పిట్టలు మోశాయి, పొలాల గట్లు, బీళ్ళు ముళ్ళ చెట్లతో నిండాయి. 2023 జనవరి 1 నుంచి ఒహాయోలో, 2024 అక్టోబరు నుంచి సౌత్ కరొలైనాలో వీటి అమ్మకం నిషేధం.

"నర్సరీ రైతు పొట్ట కొడతారా?" ఇది నిజమైన ప్రశ్న. అంటు కట్టే ఆడవాళ్ళు, కవర్లలో మట్టి నింపే కూలీలు, లోడు ఎత్తే మనుషులు, ఎన్నో కుటుంబాలు ఈ పని మీద బతుకుతున్నాయి. ఒహాయో నిర్ణయం ముందే చెప్పి అయిదేళ్ళ గడువిచ్చింది, ఉన్న సరుకు అమ్ముకోవడానికి. మనమూ గడువివ్వాలి. కడియంలో దొరికే వేల రకాల్లో పది, పదిహేను పోతే వ్యాపారం మునగదు. బదులు మొక్కలు ఉన్నాయి. నీటి తొట్టికి తామర, కలువ. నేల కప్పడానికి బొక్కెనాకు, సరస్వతి ఆకు. కంచెకి నూరువరహాలు, వావిలి. రోడ్డు పక్కకి కానుగ, పొగడ, వేప. అడిగేవాళ్ళుంటే పెంచేవాళ్ళుంటారు. నేను మాట్లాడిన ఒక పెద్ద రైతు అన్నదీ అదే: "మేము టెండర్లో ఏం రాస్తే అదే పెంచుతామండి. వేప రాయమనండి, వేపే పెంచుతాం."

ఆ మాటలో కీలకం ఉంది. పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. కేరళలోని వయనాడు అడవుల్ని ఇప్పుడు కమ్మేస్తున్న సెన్నా స్పెక్టాబిలిస్ అనే పసుపు పూల చెట్టుని ఒకప్పుడు సామాజిక అటవీ పథకం కింద నాటినది అక్కడి అటవీ శాఖే. కాబట్టి మొదటి నిషేధం మునిసిపాలిటీలు, రహదారుల శాఖ, అటవీ శాఖల టెండర్లకే వర్తించాలి. దానికి చట్టం కూడా అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

చట్టం కావాలన్నా కొత్తది చేయక్కర్లేదు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 62ఏ సెక్షన్ ఆక్రమణ జాతుల దిగుమతి, వ్యాపారం, వ్యాప్తిని నియంత్రించే, నిషేధించే అధికారం కేంద్రానికి ఇస్తోంది. యూరోపియన్ యూనియన్ 2016లో 37 జాతులతో తొలి జాబితా వేసి, గుర్రపుడెక్కని అందులో చేర్చి, అమ్మకం, పెంపకం ఆపేసింది. మనమూ నర్సరీ మొక్కల చిన్న జాబితాతో మొదలుపెట్టాలి. ఏటా శాస్త్రవేత్తలు దాన్ని సమీక్షించాలి. నర్సరీ రైతుల ప్రతినిధిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఆన్‌లైన్ అమ్మకాలకీ అదే నియమం పెట్టాలి.

నిషేధం ఒక్కటే అన్నీ సరిచేయదు. పక్కింటావిడ ఇచ్చే కొమ్మని ఏ ఇన్‌స్పెక్టరూ ఆపలేడు. అక్కడ పని మనదే. నర్సరీకి వెళ్ళినప్పుడు పువ్వు రంగుతో పాటు ఇది తనంతట తాను పాకుతుందా అని అడగండి. గుర్రపుడెక్క, వెడీలియా, లాంటానా కొనకండి. ఇంట్లో ఇప్పటికే ఉంటే కాలువలో, చెరువులో, ఖాళీ స్థలంలో పారేయకండి. ఎండలో మేడ మీద పూర్తిగా ఎండబెట్టి, గలగలలాడాక చెత్తలో వేయండి. ముప్పై రూపాయలకి కొన్న మొక్క ఖర్చు ముప్పై రూపాయలతో ఆగదు. మిగతాది శివారు రైతు, లస్కరు, పన్ను కట్టే మీరూ నేనూ భరిస్తున్నాం.